విమానమయ్యే బొమ్మ: వెల ఎంత, విలువ ఎంత?



మా గోదావరి పల్లెల్లో గల్ఫ్ దేశాలకు ఎవరూ వెళ్ళని వీధి అరుదు. వెళ్ళినవాళ్ళు సెలవు మీద వచ్చినప్పుడు వాళ్ళ పెట్టెల్లో దుప్పట్లు, సబ్బులు, పాలపొడి డబ్బాలతోబాటు పిల్లల కోసం ఒక బొమ్మ తప్పకుండా ఉంటుంది. ఆ బొమ్మల్లో తరచు కనబడేది రోబో. నిలబెడితే మనిషి ఆకారం. కాళ్ళు చేతులు మడిచి తిప్పితే యుద్ధ విమానం. బొమ్మ చేతికొచ్చిన రోజు ఇంటిల్లిపాదీ సంబరపడతారు. వారం తిరిగేసరికి రెక్క ఒకచోట, కాలు ఒకచోట పడుంటాయి. "ఇంత డబ్బు పోసి కొన్నది, దీనివల్ల పిల్లవాడికి ఏమైనా మేలుందా?" అని అప్పుడు పెద్దవాళ్ళు ఆలోచనలో పడతారు.

నేను 31 ఏళ్ళు ఒక చక్కెర కర్మాగారం వర్కుషాపులో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. అందుచేత మా వీధిలో విరిగిన బొమ్మలు నా దగ్గరికే వస్తాయి, వాటితోబాటు ఈ ప్రశ్న కూడా వస్తుంది. అలాంటి బొమ్మ ఒకటి మా ఇంట్లోనే రెండేళ్ళుగా ఉంది. దాన్ని యంత్రంగా పరీక్షించాను, తాతగా కూడా గమనించాను. ఆ రెండు పరీక్షల ఫలితం మీ ముందు ఉంచుతున్నాను.

మా అమ్మాయి 2022 జనవరిలో ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. అల్లుడు చేపల చెరువుల మీద కాపలా ఉంటాడు. రాత్రుళ్ళు చెరువు గట్టు మీదే మకాం. ఇల్లు కట్టుకున్న అప్పు ఇద్దరి రెక్కల కష్టంతో తీరాలి. వాళ్ళ పిల్లవాడికి అప్పుడు నాలుగున్నర ఏళ్ళు. మా దగ్గరే ఉంచుకున్నాం. అమ్మాయి 2023 డిసెంబరులో, క్రిస్మసుకు వారం ముందు, రెండు నెలల సెలవు మీద వచ్చింది. అప్పటికి పిల్లవాడికి ఆరున్నర.

ఈ రెండేళ్ళూ వాడికి తల్లి అంటే ఫోను తెరలో కనబడే ముఖం. వాడు తల్లిని "ఫోనమ్మ" అనేవాడు. ఫోనమ్మ గుమ్మంలో నిలబడి చేతులు చాచేసరికి వాడు వెళ్ళి మా ఇంటావిడ కొంగు చాటున దాక్కున్నాడు. "అమ్మరా, వెళ్ళరా" అని అందరం అన్నాం. ఇరుగుపొరుగువాళ్ళు కూడా అన్నారు. ఎవరో వాణ్ణి ఎత్తి తల్లి ఒళ్ళో కూర్చోబెట్టబోతే కాళ్ళు తన్నుకుంటూ ఏడ్చాడు. అమ్మాయి మాత్రం ఏడవలేదు. "వదిలెయ్యండి, ఏం పర్లేదు" అంటూ లోపలికి వెళ్ళి సంచి విప్పింది. అందులోంచి ఒక లుంగీలో చుట్టిన బొమ్మ తీసి, పిల్లవాడి ఎదుట కాకుండా, అరుగు మీద నా పక్కన పెట్టింది.

"పెట్టె పారేశాను నాన్నా. విమానంలో బరువు ఎక్కువవుతుందన్నారు. ఎలా మడవాలో రాసిన కాగితం కూడా అందులోనే పోయింది. నువ్వు చూసి చెప్పు" అంది.

ధర అడిగాను. 12 దీనార్లు. మన లెక్కలో అప్పుడు 3,200 రూపాయల పైన. అమ్మాయి జీతం నెలకు 110 దీనార్లు. అంటే ఆ బొమ్మ వెల మూడు రోజుల పైచిలుకు చాకిరీ. తెల్లవారకముందే లేచి అర్ధరాత్రి దాకా సాగే చాకిరీ. విదేశం నుంచి వచ్చిన బొమ్మను తూచేటప్పుడు నేను మొదట ఈ లెక్క వేస్తాను. రూపాయల్లో కాదు, రోజుల్లో. అలా చూస్తే తీసి పారేయడానికీ మనసొప్పదు, అద్దాల బీరువాలో దాచి ఆడుకోనివ్వకుండా ఉంచడానికీ మనసొప్పదు.

ముందుగా ఇలాంటి బొమ్మ ఎక్కడ పుట్టిందో నాలుగు మాటలు చెబుతాను. జపాన్‌లో టకారా అనే బొమ్మల కంపెనీ 1980ల మొదట్లో "డయాక్లోన్" అనే వరసలో వాహనాలుగా మారే రోబోలను చేసింది. అందులో ఒకటి అమెరికావారి ఎఫ్-15 యుద్ధ విమానంగా మారుతుంది. అసలు ఎఫ్-15 విమానం మొదటిసారి ఎగిరింది 1972లో. టకారా బొమ్మలను తీసుకుని అమెరికాలోని హాస్‌బ్రో కంపెనీ 1984లో "ట్రాన్స్‌ఫార్మర్స్" అన్న పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. ఆ విమానం అచ్చు ఒక్కటే, బొమ్మలు మాత్రం మూడు. బూడిదరంగుకు స్టార్‌స్క్రీమ్ అనీ, నీలానికి థండర్‌క్రాకర్ అనీ, నలుపుకు స్కైవార్ప్ అనీ పేర్లు పెట్టారు. అచ్చు తయారుచేయడం ఎంత ఖర్చుతో కూడిన పనో మా వర్కుషాపువాళ్ళకు తెలుసు. ఒకే అచ్చులో మూడు రంగులు పోసి మూడు బొమ్మలుగా అమ్మడం మంచి వ్యాపారం. కొనేవాళ్ళు కూడా ఈ సంగతి తెలుసుకోవాలి. పిల్లవాడు మూడూ కావాలని మారాం చేస్తే, ఒకటి కొంటే మూడింటి పనితనమూ చేతికొచ్చినట్టేనని చెప్పవచ్చు.

అదే కాలంలో జపాన్ టెలివిజన్‌లో 1982లో "మాక్రాస్" అనే బొమ్మల కథ వచ్చింది. అందులోని వాల్కిరీ అనే విమానం రెక్కలు వెనక్కు మడుచుకునే ఎఫ్-14 విమానంలా ఉండి రోబోగా మారుతుంది. మధ్యలో ఇంకో అవతారం కూడా ఉంది. విమానం శరీరానికి కాళ్ళు చేతులు మొలిచినట్టు ఉంటుంది. దాన్ని గీసిన కవమోరి షోజి 1960లో పుట్టినవాడు. అప్పటికి ఇరవై రెండేళ్ళ కుర్రవాడు. ఏ ముక్క ఎటు మడిస్తే ఏమవుతుందో తేల్చుకోవడానికి ఆయన లెగో ఇటుకలు పేర్చి నమూనాలు చేస్తాడని ప్రసిద్ధి. వాల్కిరీ బొమ్మనే హాస్‌బ్రో 1985లో జెట్‌ఫైర్ అన్న పేరుతో అమ్మింది. పెద్దవాడైన రూపకర్త కూడా పిల్లల ఇటుకలతో ఆలోచించాడంటే, ఆటకూ పనికీ మధ్య మనం గీసుకునే గీత అంత గట్టిది కాదన్నమాట.

రోబోగా మారడానికి జెట్ విమానం ఎందుకు అంత అనువైనదో బొమ్మను చేతిలో పట్టుకుంటే తెలిసింది. ఎఫ్-15కు రెండు ఇంజన్లు పక్కపక్కన ఉంటాయి. ఆ రెండూ కిందికి లాగితే రెండు కాళ్ళు. పైలట్ కూర్చునే గాజు గది కిందికి వంగితే ఛాతీ. ముక్కు మడతపడితే లోపల దాగి ఉన్న తల బయటికొస్తుంది. రెక్కలు వీపు మీదికి పోతాయి. తోకకు కూడా రెండు నిలువు రెక్కలుంటాయి గనుక ఎడమ కుడి సమానంగా సరిపోతాయి. మనిషి శరీరం కూడా రెండు సగాలుగా సమానమైనదే కదా. అందుకే ఆ రూపం ఈ రూపంలో ఇముడుతుంది.

మా అమ్మాయి తెచ్చిన బొమ్మ ఈ జాతిదే. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. జానెడు పొడవు, బూడిద రంగు, ఎర్ర చారలు. ఆ రాత్రి కళ్ళజోడు పెట్టుకుని దీపం దగ్గర పరీక్ష మొదలుపెట్టాను.

ఒళ్ళంతా ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్కు. గోటితో గీరితే గీత పడలేదు. అంచులు చేతికి గుచ్చుకోలేదు. కీళ్ళు రెండు రకాలు. మోకాలి దగ్గర తిప్పితే టిక్కు టిక్కుమని పళ్ళ మీద ఆగే కీలు. ఇది బరువు మోస్తుంది. భుజం దగ్గర గిన్నెలో గుండులా తిరిగే కీలు. ఇది ఎటైనా తిరుగుతుంది గాని వాడుతున్నకొద్దీ వదులవుతుంది. కొన్నిచోట్ల స్క్రూలున్నాయి, కొన్నిచోట్ల ఇనుప పిన్నులు దిగ్గొట్టారు. స్క్రూ ఉన్నచోట రేపు విప్పి బాగుచేయవచ్చు. పిన్ను ఉన్నచోట కష్టం. బ్యాటరీ లేదు, దీపం లేదు, కూత లేదు. ఇది నాకు నచ్చింది. బ్యాటరీ బొమ్మ తనంతట తాను ఆడుతుంటే పిల్లవాడు చూస్తూ కూర్చుంటాడు. దీనితో ఆడాలంటే పిల్లవాడి చెయ్యి కదలక తప్పదు.

కాగితం లేదు గనుక మడత మాకై మేమే కనిపెట్టాలి. ఆ పని నేనొక్కణ్ణే చేస్తే గంటలో అయిపోయేది. కాని పిల్లవాడు కొంగు చాటు నుంచి చూస్తున్నాడు. అందుచేత మర్నాడు పొద్దున అరుగు మీద చాప పరిచి, బొమ్మ మధ్యలో పెట్టి, "అమ్మాయ్, ఇది నాకు రావడం లేదు, కాస్త నువ్వు కూచో" అన్నాను. ఆమె కూర్చుంది. ఎవరూ వాణ్ణి పిలవలేదు.

యంత్రాల దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం ఒకటుంది. ఏ భాగమైనా కదలనంటే బలం ఎక్కువ పెట్టకూడదు. అది కదలడానికి ముందు ఇంకొకటి ఏదో కదలాలి, అదేదో వెతకాలి. ఈ బొమ్మ అంతా ఆ పాఠమే. రెక్క వెనక్కి పోవాలంటే ముందు భుజం బయటికి రావాలి. భుజం రావాలంటే వీపు మీద ఉన్న మూత లేవాలి. మూత లేవాలంటే తోక పైకి తిరగాలి. వరస తప్పితే ఒక్కటీ కదలదు. వరస దొరికితే చిటికెన వేలితో కదులుతుంది. విమానం మనిషిగా మారడానికి మొత్తం 14 కదలికలు, లెక్కపెట్టాను.

మొదటిరోజు ఏడు కదలికల దాకా వెళ్ళి ఆగిపోయాం. తల ఎక్కడుందో దొరకలేదు. అమ్మాయి ముక్కు పట్టుకుని లాగబోయి ఆగింది. అప్పుడు వెనకనుంచి చిన్న గొంతు వినబడింది. "అది కాదు, ముందు అద్దం వంచాలి." వాడు ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో మేం చూడలేదు. అమ్మాయి తల తిప్పకుండా, "ఎటు వంచాలి నాన్నా?" అంది. వాడి వేలు ఆమె చేతి మీదుగా వచ్చి గాజు గదిని కిందికి నొక్కింది. ముక్కు మడతపడింది. తల బయటికొచ్చింది. వాడు నవ్వాడు. తర్వాత మళ్ళీ అమ్మమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

మూడోరోజుకు చాప మీద వాడికొక స్థలం ఏర్పడింది. వారానికి తల్లి మోకాలికి ఆనుకుని కూర్చున్నాడు. క్రిస్మసు దాటి కొత్త సంవత్సరం వచ్చేసరికి ఆమె పక్కన పడుకున్నాడు. వాణ్ణి దగ్గరకు తెచ్చింది బొమ్మేనని చెప్పను. ఆ తల్లి ఓపికే తెచ్చింది. కాని ఇద్దరు కొత్తవాళ్ళు ఒకరినొకరు చూసుకోకుండా కలిసి చూడటానికి మధ్యలో ఒక వస్తువు కావాలి. ఆ పని ఈ బొమ్మ బాగా చేసింది. తాళం చెవి తిప్పగానే పరుగెత్తే కారయితే చేయలేకపోయేది. దానికి రెండో మనిషితో పనిలేదు.

పిల్లవాడు ఆ యుద్ధ విమానంతో ఏమి ఆట ఆడాడో కూడా చెప్పాలి. ఇలాంటి బొమ్మలు యుద్ధం నేర్పుతాయని కొందరు పెద్దలు భయపడతారు. ఆ భయం ఊరకే వచ్చింది కాదు. కథలో స్టార్‌స్క్రీమ్ దుష్టుల సేనలో ఉప నాయకుడు. పక్కనే ఉండి నాయకుడి కుర్చీ కోసం ఎప్పుడూ కుట్ర పన్నేవాడు. చేతులకు తుపాకులు కూడా ఉంటాయి. మా వాడికి ఆ కథ తెలియదు. వాడు తుపాకులు తీసి మేకులడబ్బాలో వేశాడు. విమానాన్ని అరుగు ఒక చివర నుంచి ఎగరేసి రెండో చివర దింపేవాడు. ఒక చివర కువైటట, రెండోది హైదరాబాదట. ఒకరోజు గాజు గదిలోకి కన్నుపెట్టి చూసి, "ఇందులో ఒక్కరికే చోటుంది. అమ్మ ఎక్కడ కూచుంటది?" అని అడిగాడు. ఇది యుద్ధ విమానం, పైలట్ ఒక్కడే ఉంటాడని నేను చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే అక్కడికెళ్ళాక రోబో అయిపోయి అమ్మని ఎత్తుకుంటాడు" అన్నాడు. అమ్మాయి లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

బొమ్మ మీద ఎవరేం కథ రాసినా, ఇంట్లో పిల్లవాడి మనసులో ఉన్న కథే దానితో ఆడబడుతుంది. కనుక బొమ్మ పక్కన కూర్చుని ఏ ఆట ఆడుతున్నాడో వినండి. పిల్లలు మనతో చెప్పని సంగతులు బొమ్మతో చెబుతారు.

జనవరి చివర ఒక ప్రమాదం జరిగింది. పక్కింటి కుర్రవాడు, వీడికంటే పెద్దవాడు, బొమ్మ తీసుకుని నేరుగా రెక్క పట్టుకుని వెనక్కి విరిచాడు. రెక్కను పట్టి ఉంచే ముల్లు పుటుక్కున విరిగింది. మా ఇంటావిడ వాణ్ణి కోప్పడింది. మూడు రోజుల చాకిరీ నేలపాలయిందని అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా వాడు మాత్రం రెండు ముక్కలూ తెచ్చి నా చేతిలో పెట్టి, "తాతయ్యా, ముందు మూత లేపలేదు వీడు" అని ఆ పెద్దవాడి తరఫున వివరం చెప్పాడు. ఇద్దర్నీ కూర్చోబెట్టి బాగుచేశాను. విరిగిన ముల్లుకు రెండువైపులా సన్నని బిట్టుతో రంధ్రం చేసి, రాగి తీగ ముక్క దూర్చి, చుక్క జిగురు వేసి అతికించాను. మిగిలిన తీగను ఆకురాయితో అరగదీశాను. రాత్రంతా కదపకుండా ఉంచాం. ఇప్పటికీ ఆ రెక్క నిలిచి ఉంది. ఆ పెద్దకుర్రవాడు ఇప్పుడు కళ్ళు మూసుకుని 14 కదలికలూ చేయగలడు.

ఇక ఇలాంటి బొమ్మ కొనేవాళ్ళకు, తెప్పించేవాళ్ళకు నాకు తెలిసిన జాగ్రత్తలు చెబుతాను.

మొదటిది వయస్సు. పెట్టె మీద ఎన్నేళ్ళవారికో అంకె ఉంటుంది. అది వ్యాపారానికి వేసిన అంకె కాదు. కదలికలు ఎక్కువ ఉన్నవి ఎనిమిదేళ్ళ పైవారికని వేస్తారు. ఆరేళ్ళవాడికి ఇస్తే పక్కన పెద్దవాళ్ళు కూర్చోవాలి. మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో చిన్న ముక్కలు ఊడిపోయే బొమ్మ నేల మీద ఉండకూడదు. అమెరికాలో 1970ల చివర బొమ్మ అంతరిక్ష నౌక నుంచి ఎగిరిన చిన్న ప్లాస్టిక్ క్షిపణి గొంతుకు అడ్డుపడి ఒక పసివాడు చనిపోయాడు. ఆ తరువాత చాలా బొమ్మల్లో స్ప్రింగుల జోరు తగ్గించారు. ముక్కల కొలతకు అక్కడ ఒక గొట్టం పెట్టుకున్నారు. దాని లోపలి వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. పసిపిల్లల గొంతుకు సరిపోయే కొలత అది. ఆ గొట్టంలో పూర్తిగా దిగిపోయే ముక్క ఏదైనా మూడేళ్ళలోపువారికి ప్రమాదమే. మా వాడు తుపాకులు మేకులడబ్బాలో వేసినప్పుడు నేను సంతోషించడానికి ఇదొక కారణం.

రెండవది ముద్ర. మన దేశంలో 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేశారు. తిరునాళ్ళలో, బస్టాండులో ముద్ర లేని నకళ్ళు దొరుకుతాయి. పెట్టె ఒకేలా ఉంటుంది. చేతిలో పట్టుకుని ఒక కీలు తిప్పి చూడండి. అంచు గుచ్చుకున్నా, రంగు వేలికి అంటినా, ఘాటు వాసన వచ్చినా వదిలెయ్యండి.

మూడవది కీళ్ళు. కొనేముందు వీలైతే రోబోను ఒంటికాలి మీద నిలబెట్టి చూడండి. నిలబడితే కీళ్ళు బిగువుగా ఉన్నట్టు. ఇంట్లో వాడాక గుండు కీలు వదులైతే నూనె వెయ్యకండి, ఇంకా జారుతుంది. గుండుకు రంగులేని గోళ్ళరంగు పలచగా పూసి, ఒకరోజు పూర్తిగా ఆరనిచ్చి మళ్ళీ పెట్టండి, బిగుస్తుంది.

నాలుగవది కాగితం. పెట్టె పారేసినా మడత కాగితం మాత్రం మడిచి పర్సులో పెట్టుకోండి. మాకు లేకపోవడమే మేలయింది గాని అందరికీ అలా కుదరకపోవచ్చు.

మరీ చిన్నపిల్లలకైతే ఈ బొమ్మల జోలికి పోనక్కరలేదు. మన ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క పూసి చేసే బొమ్మలున్నాయి. గింజలు, వేళ్ళ నుంచి తీసిన రంగులు వేసేవారు అక్కడున్నారు. గుండ్రని అంచులు, ఊడిపోయే కీలు ఉండదు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి గాని అవి నేలకేసి కొట్టే వయస్సుకు కాదు. ఏ బొమ్మ ఏ వయస్సుకో ఆ వయస్సుకు ఇస్తేనే దానికి న్యాయం.

అమ్మాయి 2024 ఫిబ్రవరిలో తిరిగి వెళ్ళింది. అప్పు ఇంకా ఉంది. వెళ్ళే రోజు పిల్లవాడు ఏడ్చాడు. వచ్చినరోజు ఏడ్చినట్టు కాదు, ఆమె మెడ పట్టుకుని వదలకుండా ఏడ్చాడు. ఆ ఏడుపు వినడం కష్టంగా ఉంది. అయినా తల్లి వెళ్తుంటే ఏడవని పిల్లవాణ్ణి చూడటం అంతకంటే కష్టమని మా ఇంటావిడ అంది. ఇప్పుడు వాడు "ఫోనమ్మ" అనడు, అమ్మ అనే అంటాడు. శుక్రవారం ఆమెకు కాస్త తీరిక. ఆ రోజు ఫోను గోడకు ఆనించి, తెర ముందు బొమ్మ మడుస్తాడు. ఒక్కోసారి కావాలనే మధ్యలో ఆగి, "తర్వాతేంటి అమ్మా?" అని అడుగుతాడు. వాడికి తెలియక కాదు. ఆమె అక్కడి వంటింట్లో నిలబడి, "అద్దం వంచు నాన్నా" అంటుంది.

ఆ రెండు నెలల్లో వాణ్ణి బలవంతంగా తల్లి ఒళ్ళో కూర్చోబెడితే ఏమయ్యేదో నాకు తెలియదు. విరిగిన ముల్లును చూసినప్పుడల్లా ఆ ఆలోచన వస్తుంది. పిల్లలు మొండికేశారని మనం అంటాం. చాలాసార్లు వాళ్ళలో కదలని భాగానికి ముందు కదలాల్సింది ఇంకొకటి ఉంటుంది. అదేమిటో మనం వెతకం, బలం పెడతాం. దూరదేశం నుంచి వచ్చిన తల్లులకు, తండ్రులకు నేను చెప్పగలిగింది ఇదే. సెలవు రోజులు తక్కువని తొందరపడకండి. మొదటివారం అడగకండి, ఇవ్వకండి, పక్కన ఉండండి.

బొమ్మ సంగతికి వస్తే, నా లెక్క ఇది. పనితనం బాగుంది. కీళ్ళు రెండేళ్ళు నిలిచాయి. ఒక ముల్లు విరిగినా బాగుపడింది. వాడికి ఇప్పుడు ఎనిమిదేళ్ళు నిండాయి గనుక పెట్టె మీద వేసే వయస్సుకు కూడా చేరుకున్నాడు. ఇంకా పాడవలేదు, ఇంకా విసుగు పుట్టలేదు. ఒంటరిగా వదిలేసిన పిల్లవాడి చేతికిస్తే 12 దీనార్లు ఎక్కువే, వారంలో పెంకులవుతుంది. ఎదురుగా ఒక పెద్ద మనిషి చాప మీద కూర్చుని 14 కదలికలూ ఓపికగా చేస్తానంటే తక్కువే. కొనేముందు ధరతోబాటు, ఆ కూర్చునేది ఎవరో కూడా ఇంట్లో మాట్లాడుకోండి.